బిల్లు వద్దంటే ఫోన్ మీద మిగిలేది ఎంత?

నల్లపాడు నుంచి గుంటూరు వెళ్లి ఫోన్ బేరం చేస్తున్నారు. షాపాయన "బిల్లు వద్దంటే మూడు వేలు తగ్గిస్తా తమ్ముడూ" అన్నాడనుకోండి. జీఎస్టీ మిగిలిందని సంబరపడతాం కదా? ఆగండి, లెక్క చూద్దాం.

సెల్‌ఫోన్ మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ 1 నుంచి 18 శాతం. అంటే 20,000 రూపాయల ఫోన్‌లో పన్నే దాదాపు 3,050.

కానీ షాపాయన ఆ ఫోన్‌ని 19,000కి బిల్లు మీద తెచ్చాడనుకోండి. పన్నులో చాలావరకు అప్పుడే కట్టేశాడు. ఇక కట్టాల్సింది తన వెయ్యి మార్జిన్‌లో ఉన్న 150 చిల్లరే. మరి మూడు వేలు ఎక్కణ్ణుంచి తగ్గిస్తున్నాడు? లెక్కల్లో మోసమైనా ఉండాలి, ఆ ఫోన్ బిల్లు లేకుండానైనా వచ్చుండాలి. పాతదో, దొంగదో కూడా కావచ్చు.

అందుకే డబ్బులిచ్చే ముందే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి ఐఎంఈఐ నంబర్ చూడండి. ఇంగ్లిష్‌లో కేవైఎం అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, ఆ నంబర్ రాసి 14422కి మెసేజ్ పెట్టండి. బ్లాక్ చేసిన ఫోనైతే తెలిసిపోతుంది.

పన్ను తగ్గించుకునే సరైన దారీ ఉంది. ఇంట్లో ఎవరికైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, ఫోన్ వ్యాపారానికే వాడేదైతే, బిల్లు ఆ నంబర్ మీద తీసుకోండి. ఆ పన్నును సాధారణంగా వాళ్లు కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవచ్చు.

మిగతావాళ్లం బిల్లు అడిగి తీసుకుందాం. రేపు వారంటీకి వెళ్లినా, ఫోన్ పోయి స్టేషన్‌కి వెళ్లినా, అది మనదేనని చెప్పే కాగితం అదే.