గళ్లలో పట్టే తాళం, పట్టని గమకం

బ్రౌజర్‌లో గళ్లు నొక్కి పాట కట్టే గూగుల్ వాళ్ల సాంగ్ మేకర్ తెరిచి ఆది తాళం పెట్టబోతే మొదట్లోనే అడ్డం తగులుతుంది. ఒక బార్‌లో 7 బీట్లకు మించి ఒప్పుకోదు. ఆది తాళానికి 8 అక్షరాలు కావాలి. సంగీతంలో మొదటి పాఠమైన సరళీ స్వరాలకే చోటు చాలదన్నమాట.

అయినా పట్టించవచ్చు. బార్‌కు 4 బీట్లు పెట్టుకుని, రెండేసి బార్లను ఒక ఆవర్తనంగా లెక్కపెట్టుకోవాలి. మొదటి బార్ లఘువు, రెండోది రెండు ద్రుతాలు. గరిష్ఠంగా 16 బార్లు ఇస్తుంది కాబట్టి 8 ఆవర్తనాలు దొరుకుతాయి. తెర అడుగున తాళవాద్యాలకు ఉన్నవి రెండే వరసలు. ఒక వరసను చేతి దెబ్బకు, రెండోదాన్ని వేళ్ల లెక్కకూ చెయ్యి తిప్పడానికీ కేటాయిస్తే తాళం వేసే మనిషి ఎదురుగా కూర్చున్నట్టే.

గూగుల్ వాళ్ల క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్ 2016లో మొదలైంది. అందులో భాగంగా 2018లో సాంగ్ మేకర్ వచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు, ఫోన్‌లో బ్రౌజర్ ఉంటే చాలు. ఉస్మానియా క్యాంపస్‌కో తార్నాకకో చదువు కోసం వచ్చి వారాసిగూడలో నలుగురితో కలిసి గది అద్దెకు తీసుకున్న విద్యార్థికి ఇది చిన్న సంగతేం కాదు. ఆ గదిలో వీణ పెట్టుకునే చోటుండదు. రాత్రి పదింటికి గొంతెత్తితే పక్క గదివాళ్లు తలుపు కొడతారు. ఇయర్‌ఫోన్స్ తగిలించుకుని గళ్లు నొక్కుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

నిజానికి ఈ సాధనం పెట్టే హద్దుల్లో సగం లెక్కలకు సంబంధించినవే. లెక్కలు మన సంగీతానికి కొత్త కాదు. మిశ్ర చాపుకు 7 బీట్లు, ఖండ చాపుకు 5 బీట్లు నేరుగా సరిపోతాయి. ఒక్కో బీట్‌ను నాలుగు ముక్కల వరకే విడగొట్టనిస్తుంది గనక తిశ్ర, చతురశ్ర నడకలు సులువు. ఖండ నడక కావాలంటే మాత్రం తెలివి వాడాలి. బార్‌కు 5 బీట్లు పెట్టి, ఆ బార్ మొత్తాన్నీ ఒక్క అక్షరంగా భావించి, వేగం బాగా పెంచుకోవాలి. సాధనం బీట్ అనుకునేది మనకు మాత్ర అవుతుంది, అంతే తేడా.

రాగాల దగ్గర ఇంకా సరదా. సాంగ్ మేకర్‌లో స్కేళ్లు మూడే: మేజర్, పెంటటానిక్, క్రోమాటిక్. మేజర్ అంటే మన శంకరాభరణం స్వరాలు. పెంటటానిక్ అంటే మోహనం. మాయామాళవగౌళ కావాలంటే పన్నెండు స్వరాలూ ఉండే క్రోమాటిక్‌కు వెళ్లి, అక్కర్లేని వరసల జోలికి పోకుండా ఉండాలి. కానీ మోహనం గళ్లలోనే ఉండి మరో నాలుగు రాగాలు రాబట్టవచ్చు. మోహనంలోని రిషభాన్ని షడ్జమం అనుకుంటే మధ్యమావతి, గాంధారాన్ని అనుకుంటే హిందోళం, పంచమాన్ని అనుకుంటే శుద్ధ సావేరి, ధైవతాన్ని అనుకుంటే శుద్ధ ధన్యాసి. గ్రహభేదం అని పాఠాల్లో చెప్పేది ఇదే. చేయాల్సిందల్లా ఏ వరసను ఆధారంగా పెట్టుకున్నామో మరిచిపోకుండా పాట అక్కడే మొదలుపెట్టి అక్కడే ముగించడం.

ఇదే లెక్కతో శంకరాభరణం గళ్లలోంచి తోడి స్వరాలూ వస్తాయి. తోడి రాదు! ఆ రాగంలో గాంధారం ఊగాలి, గమకం అంటే ఆ ఊపే. సాంగ్ మేకర్‌లో స్వరం గడిలో మొదలై గడిలోనే ఆగిపోతుంది. అసలు చిక్కు ఇక్కడుంది, ఏ లెక్కా దీన్ని తీర్చదు.

ఈ చిక్కు కంప్యూటర్‌తో పుట్టింది కాదు. మన పాటలను పాశ్చాత్య స్వరలిపిలో రాయబూనిన చిన్నస్వామి ముదలియార్ ప్రోత్సాహంతో సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ రాశారు. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన ఆ పుస్తకంలో స్వరాల మీద గమకాల కోసం ప్రత్యేకంగా గుర్తులు వేశారు. మెట్ల మధ్య జారలేదన్న కారణం కూడా చూపి హార్మోనియంను ఆకాశవాణి 1940లో బయటికి పంపింది, 1971లో గానీ పట్టు సడలించలేదు. ఆ ముప్ఫై ఏళ్లూ మన పద్యనాటకాల హార్మోనిస్టులు మాత్రం దానితోనే జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టారు.

పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ వాద్యాన్నే మార్చేశారు. మాండలిన్‌కు మామూలుగా నాలుగు జతల తీగలుంటాయి. జత తీగలను కలిపి లాగి గమకం పలికించడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్‌కు ఒంటి తీగలు, అవీ ఐదు, కట్టుకున్నారు. నాదం నిలిచింది, తీగ లొంగింది.

బ్రౌజర్‌లోని సాధనానికి తీగలు మార్చలేం గానీ, దాన్నుంచి బయటికి రావచ్చు. సాంగ్ మేకర్ పాటను మిడి ఫైలుగా దించుకోనిస్తుంది. 1983లో వచ్చిన మిడి ప్రమాణంలో పిచ్ బెండ్ అనే ఏర్పాటు ఉంది. స్వరాన్ని పైకీ కిందికీ వంచడానికి అందులో 16,384 మెట్లున్నాయి. పిచ్ బెండ్ గీత గీయనిచ్చే మరో సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలు తెరిస్తే స్వరం ఊగుతుంది. ఒక జాగ్రత్త: ఈ వంపు ఆ ఛానెల్‌లోని స్వరాలన్నిటికీ ఒకేసారి పడుతుంది, కాబట్టి శ్రుతిని వేరే ఛానెల్‌లో ఉంచాలి. అయినా గమకాన్ని మౌస్‌తో గీసి తెప్పించడం గంటల పని, ఫలితం అంతంతమాత్రం. తాళం, స్వరస్థానాలు సాధనానికి అప్పగించి, గమకం గొంతుతో పాడి రికార్డు చేసి, రెండిటినీ ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలుపుకోవడం మేలు. 16 బార్లు దాటే పాటనూ ముక్కలుగా చేసి అక్కడే అతికించవచ్చు.

కొత్తగా ప్రయత్నించేవారు ‘వరవీణా’ గీతంతో మొదలుపెట్టండి. మోహన రాగం, రూపక తాళం: స్కేల్ పెంటటానిక్, బార్‌కు 6 బీట్లు, స్థాయిలు రెండు. రాగం, తాళం రెండూ ఏ సర్దుబాటూ లేకుండా సాంగ్ మేకర్‌లో ఇమిడే పాఠం అది.