ముప్పావు దినార్ మందు

మన కువైట్ తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే మాటలు మూడింటి చుట్టూనే తిరుగుతాయి: ఊళ్ళో ఇంటి స్థలం, పిల్లల చదువు, పాత కారు. మొదటి రెండింటి గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను మూడోదాని సంగతి చెబుతాను.

మేముండేది ఎగైలాలో. మా కారు 2004 మోడల్, నాలుగు సిలిండర్ల జపాన్ కారు. నేను దానికి మూడో యజమానిని. మా పాపని పురిటి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది అందులోనే. అందుకే అమ్మేద్దామని ఎవరన్నా మా ఆవిడ ఒప్పుకోదు.

ఆ ఏడు మే నెలలో కారుకి వణుకు మొదలైంది. ఫహాహీల్ ఎక్స్‌ప్రెస్ వే మీద వంద కిలోమీటర్ల వేగంతో హాయిగా పోయేది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, గడగడలాడేది. ఏడు వందల దగ్గర నిలకడగా ఉండాల్సిన ఆర్.పి.ఎం. ముల్లు ఐదు వందలకి పడి, తొమ్మిది వందలకి లేచేది. ఏసీ వేస్తే మరీనూ. "నాన్నా, మన వినాయకుడు డాన్స్ చేస్తున్నాడు" అని డాష్‌బోర్డ్ మీది బొమ్మని చూసి మా వాడు నవ్వేవాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. అదే తప్పయింది.

ఒక మధ్యాహ్నం మంగాఫ్‌లో బడి నుంచి పిల్లల్ని తెస్తుంటే, సిగ్నల్ దగ్గర నడిమి లైన్లో బండి ఆగిపోయింది. ఏసీ పోయింది. వెనక హారన్లు. ఐదు నిమిషాల్లో పిల్లల మొహాలు ఎర్రబడ్డాయి. మన కువైట్ ఎండ తెలియనిదా! 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. దాన్ని ప్రపంచ వాతావరణ సంస్థ 2019లో ధ్రువీకరించింది కూడా. ఎవరో ఇద్దరు పుణ్యాత్ములు దిగి బండిని పక్కకి నెట్టారు. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది. పైగా పాసింగ్ గడువు ఇంకా మూడు వారాలే.

ఒక గ్యారేజీకి తీసుకెళ్ళాను. వాళ్ళు మీటరు తగిలించి పి0300 అనే కోడ్ చూపించారు. ప్లగ్గులు, కాయిళ్ళు మార్చి నలభై ఆరు దినార్లు తీసుకున్నారు. వణుకు తగ్గలేదు. ఈసారి ఇంజెక్టర్లు మార్చాలి, ఇంకో డెబ్బై అవుతుందన్నారు. ఇంటికొచ్చి చెబితే మా పాప అడిగింది: "ఏది పాడైందో తెలియకుండా ఎందుకు మార్చారు నాన్నా?" నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు పార్కింగ్‌లో బండి స్టార్ట్ చేస్తుంటే, కింది గదిలో ఉండే డ్రైవరన్న దగ్గరికొచ్చాడు. రాయచోటి వైపు మనిషి. మూడేళ్ళుగా లిఫ్టు దగ్గర తల ఊపడమే తప్ప నేనెప్పుడూ ఆయన్ని పలకరించింది లేదు. ఒక నిమిషం చెవి పెట్టి విని, "యాడో దొంగగాలి పీలుస్తాంది సార్" అన్నాడు. ఊళ్ళో కొన్నేళ్ళు మెకానిక్ షెడ్డులో పనిచేశాడట. "శుక్రవారం పొద్దున్నే చూద్దాం సార్, ఇంజను సల్లగున్నప్పుడు" అన్నాడు.

దొంగగాలి అంటే ఏమిటో పిల్లలకు ఇలా చెప్పాను. మన పాత అంబాసిడర్‌లో కార్బురేటర్ ఉండేది, స్క్రూ తిప్పి సరిచేసేవాళ్ళు. ఫ్యూయల్ ఇంజెక్షన్ కారులో ఆ పని కంప్యూటర్ది. లోపలికి వచ్చే గాలిని సెన్సర్‌తో కొలిచి, దానికి తగ్గ పెట్రోలు చిమ్మిస్తుంది. బరువులో చూస్తే ఒక పాలు పెట్రోలుకి సుమారు 14.7 పాళ్ళ గాలి. అమ్మ దోసెల పిండిలో కొలిచి నీళ్ళు పోశాక, చిన్నోడు వెనక నుంచి చెప్పకుండా ఇంకో గ్లాసు పోస్తే దోసె వస్తుందా? అలాగే సెన్సర్ దాటాక ఏ పగులు నుంచో గాలి దూరితే కంప్యూటర్‌కి లెక్క తప్పుతుంది, మిశ్రమం పల్చనై ఇంజను తడబడుతుంది. ఆగి ఉన్నప్పుడు ఇంజను పీల్చే గాలి తక్కువ కాబట్టి ఆ దొంగగాలి వాటా ఎక్కువ. వేగంగా పోయేటప్పుడు అది లెక్కలోకి రాదు. మా బండి రోడ్డు మీద బుద్ధిమంతురాలై, సిగ్నల్ దగ్గర పేచీ పెట్టింది అందుకే!

శుక్రవారం ఆరింటికే బానెట్ ఎత్తాం. అన్న ఏమీ విప్పలేదు. ముందు గాలి ఫిల్టర్ చూశాడు. దుమ్ము దులిపి పెట్టాడు. తర్వాత ఇంజను ఆన్ చేయించి, రబ్బరు గొట్టాలను గుడ్డతో ఒక్కొక్కటిగా నొక్కుతూ వచ్చాడు. క్రాంక్‌కేసు నుంచి వచ్చే పీసీవీ గొట్టం నొక్కగానే ముల్లు ఏడు వందల దగ్గర నిలబడిపోయింది! ఇంజను ఆపి గొట్టం తీసి తిప్పితే, కింది వైపు వేలెడు పగులు. ఎండకీ ఇంజను వేడికీ రబ్బరు పెళుసైపోయింది. కొత్తది ముప్పావు దినార్. థ్రాటిల్ బాడీలో మసి కూడా స్ప్రే వేసి తుడిచాడు. వణుకు పోయింది, వారం తిరక్కుండా పాసింగ్ కూడా అయింది.

అన్న దగ్గర నేర్చుకున్నవి మీకూ చెబుతాను.

కోడ్ అంటే జ్వరం, జబ్బు పేరు కాదు. పి0300 అంటే సిలిండర్లు సరిగ్గా మండటం లేదని మాత్రమే. ఎందుకో మనమే వెతకాలి.

ముల్లు నిలకడగా ఉండి బాడీ మాత్రం వణికితే ఇంజను మౌంటింగ్ రబ్బర్లు చూడండి. ముల్లు లేచి పడుతుంటే గాలి గొట్టాలు, థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వ్ చూడండి. తాళం వేసినట్టు ఒకే వరసలో కుదుపు వస్తుంటే ఒక సిలిండర్‌లో ప్లగ్గో, కాయిలో, ఇంజెక్టరో.

ఖర్చు లేనిది ముందు, ఖర్చున్నది తర్వాత. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏ మందు పనిచేసిందో తెలియదు.

బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఇంజను ఆన్‌లో ఉంచి పని చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ఫ్యాన్, బెల్టుల దగ్గరికి చున్నీలు, వదులు బట్టలు రానీయకండి. వేడి ఇంజను మీద క్లీనర్ స్ప్రే కొట్టకండి, అంటుకుంటుంది.

డబ్బు ఇవ్వబోతే అన్న తీసుకోలేదు. "మా పాప గూడా మీ పాపంతే సార్, ఊర్లో ఉంది" అన్నాడు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లోనే భోంచేశాడు. వాళ్ళ పాపకి ఫోన్ కలిపి మా పాపతో మాట్లాడించాడు. ఇద్దరూ ఐదో తరగతే. చూసి రెండేళ్ళయిందట.

తిన్నాక అన్నని కింద దాకా దింపి వస్తుంటే మా పాప అడిగింది: "ఇంత మంచి మెకానిక్ మన బిల్డింగ్‌లోనే ఉన్నాడని మీకు తెలీదా నాన్నా?" దానికీ నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు మాత్రం లిఫ్టు దగ్గర ఎవరు కనిపించినా ఆగి, ఏ ఊరో, పిల్లలెంతమందో అడుగుతున్నాను. మీరూ అడిగి చూడండి.