మల్టిపుల్ స్క్లెరోసిస్: నాడీ తొడుగు దెబ్బతిన్నప్పుడు

నాడీకణాల తంత్రికాక్షాల చుట్టూ మయలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుందని మీరు ఇంతకు ముందు చదివారు. ఈ తొడుగు ఉన్న మందమైన తంతువుల్లో నాడీ ప్రచోదనం సెకనుకు సుమారు 100 మీటర్ల వేగంతో సాగుతుంది. తొడుగు లేని సన్నని తంతువుల్లో ఆ వేగం 2 మీటర్లకు మించదు. ఈ తేడాను గుర్తుంచుకుంటే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అర్థమవుతుంది.

ఎం.ఎస్.లో శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములలోని మయలిన్‌పై దాడి చేస్తుంది. తొడుగు ఊడినచోట ప్రచోదనం మందగిస్తుంది లేదా ఆగిపోతుంది. తరువాత అక్కడ గట్టిపడిన మచ్చలు ఏర్పడతాయి. 'స్క్లెరోసిస్' అంటే గట్టిపడటం. 1868లో పారిస్ వైద్యుడు షార్కో ఈ మచ్చలను, లక్షణాలను జతపరచి దీన్ని ప్రత్యేక వ్యాధిగా వివరించాడు.

ఈ వ్యాధి లక్షణాలు అందరిలో ఒకేలా ఎందుకుండవు? మచ్చ ఎక్కడ ఏర్పడితే అక్కడి పని కుంటుపడుతుంది. దృక్ నాడి దెబ్బతింటే ఒక కన్ను మసకబారుతుంది, కదిపితే నొప్పి పుడుతుంది. అనుమస్తిష్కం దెబ్బతింటే నడక తూలుతుంది. వెన్నుపాము దెబ్బతింటే కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రంపై అదుపు తగ్గడం కనిపిస్తాయి.

ఈ వ్యాధి ఎక్కువగా 20–40 ఏళ్ల మధ్య, పురుషులకన్నా స్త్రీలలో అధికంగా మొదలవుతుంది. చాలామందిలో లక్షణాలు కొన్ని వారాలుండి తగ్గుతాయి, మళ్లీ వస్తాయి. ఇక్కడే ప్రమాదం ఉంది. చూపు తిరిగి వచ్చింది కదా అని, నీరసమేలే అని ఊరుకుంటే లోపల నష్టం కొనసాగవచ్చు. తొడుగుతోపాటు తంత్రికాక్షం కూడా తెగిపోతే ఆ నష్టం శాశ్వతం. విపరీతమైన అలసట బయటివారికి కనిపించదు. దాన్ని బద్ధకంగా భావించకూడదు.

నాడీ వైద్యులు ఎం.ఆర్.ఐ.తో మచ్చలను గుర్తిస్తారు. ఎం.ఎస్.ను పూర్తిగా నయం చేసే మందు లేదు. అయితే దాడులను తగ్గించే మందులున్నాయి. వాటిని త్వరగా మొదలుపెడితే మేలు ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎం.ఎస్.ను వైకల్యాల జాబితాలో చేర్చింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి
1. మయలిన్ నష్టం వల్ల నాడీ ప్రచోదనం ఎందుకు మందగిస్తుంది?
2. ఒకే వ్యాధి ఒకరిలో చూపును, మరొకరిలో నడకను దెబ్బతీయడానికి కారణమేమిటి?
3. లక్షణాలు తగ్గినంత మాత్రాన వైద్యం అక్కర్లేదనుకోవడం ఎందుకు పొరపాటు?