బండి ముస్తాబు, బాటసారి హక్కు

ఇషా నమాజ్ కోసం ఇమామ్ గారు తక్బీర్ చెప్పి చేతులు కట్టుకున్నారు. వరుసలు సర్దుకొని మస్జిద్‌లో నిశ్శబ్దం అలముకున్న ఆ క్షణంలోనే బయటి వీధిలో తుపాకి పేలినట్లు ఒక శబ్దం వినవచ్చింది. దాని వెంట మరొకటి. రెండు మోటారు సైకిళ్లు పోటీపడి దూసుకుపోయాయి. కొంతసేపు ఖిరాఅత్ చెవిన పడలేదు. పక్కింటిలో నిద్రపోతున్న పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. సలాం చెప్పిన తరువాత పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బాధాకరమైన సంగతి ఏమిటంటే, ఆ బండ్లు నడిపినవారు ఎక్కడివారో కారు. అదే వీధి పిల్లలు, మన పిల్లలు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలలో నివసించే పాఠకులకు ఈ దృశ్యం కొత్తది కాదు. కొత్త బండి కొన్న నెల తిరగకముందే దాని రూపురేఖలు మార్చివేయడం యువకులలో ఒక మోజుగా మారింది. కంపెనీ అమర్చిన సైలెన్సర్ పోయి పేలుడు శబ్దం చేసే గొట్టం వస్తుంది. అద్దాలు ఊడిపోతాయి. నెంబరు ప్లేటు మడతపడుతుంది. కళ్లు మిరుమిట్లు గొలిపే దీపాలు ముందు వెలుగుతాయి. ఈ విషయంలో చట్టం ఏమంటున్నది? మన ధర్మం ఏమి బోధిస్తున్నది? తల్లిదండ్రులుగా మన బాధ్యత ఎంత? ఈ మూడు ప్రశ్నలను పాఠకుల ముందు ఉంచదలచాము.

అందం తప్పు కాదు

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. తన వాహనం చూడముచ్చటగా ఉండాలని యువకుడు కోరుకోవడం పాపం కాదు. మనిషి తన దుస్తులు, పాదరక్షలు బాగుండాలని ఆశిస్తాడు, అది కూడా అహంకారమేనా అని ఒకరు దైవప్రవక్త ముహమ్మద్ (స) వారిని అడిగారు. అల్లాహ్ సౌందర్యవంతుడనీ, సౌందర్యాన్ని ప్రేమిస్తాడనీ, సత్యాన్ని తిరస్కరించడం, తోటి మనుషులను చులకనగా చూడటమే అహంకారమనీ ఆయన (స) వివరించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

మన చర్చకు ఈ హదీసు చక్కని కొలబద్ద. బండి శుభ్రంగా, నిగనిగలాడుతూ ఉండటం సౌందర్యం. దాని శబ్దంతో వీధి మొత్తాన్ని తనవైపు తిప్పుకోవాలనుకోవడం, ఎదుటివారి అసౌకర్యాన్ని లెక్కచేయకపోవడం మాత్రం మరో కోవకు చెందుతుంది.

బండి మనకు ఏమిటి?

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఈ మూడు జిల్లాలు ఏర్పడ్డాయి. ఇక్కడి సాధారణ కుటుంబాలలో మోటారు సైకిల్ విలాస వస్తువు కాదు, బతుకుతెరువు. గద్వాల నేతన్న చీరల మూటను దానిమీదనే తీసుకువెళ్తాడు. పెబ్బేరు సంతకు పోయే వ్యాపారి, కాలేజీకి వెళ్లే విద్యార్థి, అచ్చంపేట నుండి నాగర్‌కర్నూల్ ఆసుపత్రికి తల్లిని తీసుకువచ్చే కుమారుడు, అందరికీ అదే ఆధారం. వనపర్తి, గద్వాల జిల్లాల గుండా 44వ నంబరు జాతీయ రహదారి సాగుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం దారి మన్ననూరు దాటాక నల్లమల అడవిలోకి, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి ప్రవేశిస్తుంది. ఒకవైపు భారీ లారీల వేగం, మరోవైపు అడవి మలుపులు. ఇటువంటి దారులలో ఇంటిల్లిపాది ప్రాణాలను మోసే వాహనం మీద ప్రయోగాలు చేయడం ఆటవిడుపు కాజాలదు.

చట్టం ఏమంటున్నది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ఈ విషయంలో మూలసూత్రం. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు, ఆర్సీలో నమోదైన వాటికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని ఈ సెక్షన్ చెబుతున్నది. కేరళ నుండి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే స్థిరపరచింది. అదే సంవత్సరం జరిగిన చట్ట సవరణలో చేర్చిన 182-ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రోడ్డుమీద వేసే చలానా మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది గనుక అది వేరుగా ఉండవచ్చు. అయితే చలానా చిన్నదైనంత మాత్రాన తప్పు చిన్నది కాదు.

ఒక్కొక్క మార్పునూ విడివిడిగా పరిశీలిద్దాం.

సైలెన్సర్: దీని లోపల ఉండే గదులు, అడ్డుపలకలు ఇంజను శబ్దాన్ని అణచివేస్తాయి. 2020 ఏప్రిల్ నుండి అమల్లోకి వచ్చిన బీఎస్-6 బండ్లలో విషవాయువులను తగ్గించే పరికరం కూడా పొగగొట్టం మార్గంలోనే ఉంటుంది. దానిని తీసివేసినవాడు వీధికి శబ్దంతోపాటు విషాన్ని కూడా పంచుతున్నాడు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించిన వాహనం నడిపితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించే వీలుంది. పైగా మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హత కలుగుతుంది. తెలంగాణలో పోలీసులు ఇటువంటి సైలెన్సర్లను ఊడదీయించి రోడ్డు రోలరుతో తొక్కించిన దృశ్యాలు పాఠకులు చూసే ఉంటారు.

హారన్: రకరకాల స్వరాలు పలికే హారన్లను, చెవులు చిల్లులు పడేలా మోగే వాటిని కేంద్ర మోటారు వాహన నియమాలలోని 119వ నియమం నిషేధించింది. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి.

నెంబరు ప్లేటు: మన మూడు జిల్లాల బండ్లను 31, 32, 33 అంకెలతో గుర్తిస్తాము. నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32, గద్వాలకు 33. వాటిని వంకర అక్షరాలతో, బొమ్మలతో, పేర్లతో రాయించడం నియమ విరుద్ధం. ద్విచక్ర వాహనం వెనుక ప్లేటుపై అక్షరాలు 35 మిల్లీమీటర్లు, అంకెలు 40 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన వాహనాలన్నింటికీ హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. ప్లేటు మీద కలిమా గానీ, మస్జిద్ బొమ్మ గానీ వేయించుకున్నంత మాత్రాన నియమం సడలదు. దుమ్మూ బురదా చిమ్మే చోట పవిత్ర వాక్యాలను రాయించడం వాటిపట్ల గౌరవం అవుతుందా అని కూడా ఆలోచించాలి.

దీపాలు, అద్దాలు: ఎదుటివారి కళ్లలోకి నేరుగా కొట్టే తెల్లని దీపం రాత్రిపూట రెండు క్షణాలపాటు డ్రైవరును గుడ్డివాడిని చేస్తుంది. హైవేపై లారీకి ఆ రెండు క్షణాలు చాలా ఎక్కువ. అద్దం తీసివేసినవాడు వెనుక నుండి వచ్చే లారీని చూడలేడు.

అమ్మ కూర్చునే చోటు

పైన చెప్పినవాటికంటే మమ్మల్ని ఎక్కువగా కలతపెట్టే మార్పు మరొకటి ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. బండి సన్నగా, చురుకుగా కనబడాలని యువకులు వెనుకచక్రం పక్కనుండే సారీ గార్డును, వెనుక కూర్చున్నవారు పట్టుకునే కమ్మీని తీయించివేస్తున్నారు. వెనుక మడ్గార్డును కత్తిరిస్తున్నారు.

ఇవి అలంకారాలు కావు. వెనుక కూర్చునేవారికి పట్టుకునే కమ్మీ, కాళ్లు పెట్టుకునే ఆధారం, దుస్తులు చక్రంలో చిక్కుకోకుండా వెనుకచక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ ఉండి తీరాలని 123వ నియమం తయారీదారులను ఆదేశిస్తున్నది. ఎందుకు? మన దేశంలో వెనుక కూర్చునే స్త్రీలు చీర కడతారు, దుపట్టా వేసుకుంటారు, బుర్ఖా ధరిస్తారు. గాలికి రెపరెపలాడే ఆ బట్ట అంచు ఒక్కసారి ఆకుల మధ్య చిక్కితే మనిషిని బండిమీద నుండి లాగి పడవేస్తుంది. మెడ చుట్టూ ఉన్న దుపట్టా అయితే పరిణామం చెప్పనలవి కాదు.

బుర్ఖా ధరించిన తల్లిని, సోదరిని, భార్యను ప్రతిరోజూ ఆ సీటుమీద కూర్చోబెట్టుకునే మన కుటుంబాలలోనే ఆ రక్షణను ఊడదీయడం ఎంత విచారకరం! తల్లి పాదాల చెంత స్వర్గాన్ని వెతుక్కొమ్మని నేర్చుకున్న పిల్లవాడు, ఆ పాదాల పక్కనున్న రక్షణను అందం కోసం తొలగించకూడదు. ఈ వ్యాసం చదివిన ప్రతి తండ్రీ, ప్రతి కుమారుడూ ఒక్కసారి బయటికి వెళ్లి తమ బండి వెనుకచక్రాన్ని పరిశీలించవలసిందిగా కోరుతున్నాము. గార్డు లేకపోతే రేపే బిగించండి.

ధర్మం ఏమంటున్నది?

హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన హితబోధను దివ్య ఖుర్ఆన్ భద్రపరచింది. నడకలో మధ్యేమార్గం పాటించమనీ, గొంతు తగ్గించమనీ ఆయన ఉపదేశించారు (లుఖ్మాన్: 19). మన గొంతుకే ఇంత మర్యాద ఉంటే, మనం నడిపే యంత్రం గొంతుకు ఉండవద్దా? కరుణామయుని దాసులు నేలమీద నమ్రతతో నడుస్తారని మరొకచోట ఉంది (అల్ ఫుర్ఖాన్: 63).

హజ్ సందర్భంలోని ఒక సంఘటన మన విషయానికి మరింత దగ్గరగా ఉంది. అరఫాత్ నుండి తిరిగి వస్తుండగా వెనుక ఒంటెలను గట్టిగా అదిలిస్తూ, కొడుతూ తోలుతున్న కోలాహలం దైవప్రవక్త (స) వారికి వినిపించింది. ఆయన (స) తన కొరడాతో వారివైపు సైగ చేసి, నెమ్మదిగా సాగమనీ, తొందరపాటులో పుణ్యం లేదనీ హితవు పలికారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం ఇది, సహీహ్ బుఖారీలో ఉంది. హజ్ వంటి మహత్తర ఆరాధనలో ఉన్నవారికే ఆ హెచ్చరిక వర్తించినప్పుడు, వినోదం కోసం వీధులు దద్దరిల్లజేసేవారి సంగతి ఏమి చెప్పాలి?

దారికి హక్కులుంటాయనీ, ఇతరులకు బాధ కలిగించకపోవడం వాటిలో ఒకటనీ, దారిలోని ముల్లునో రాయినో తొలగించడం కూడా విశ్వాసంలో ఒక భాగమనీ మనం బాల్యం నుండి వింటున్నాము. దారిలోని హానిని తొలగించడం విశ్వాసమైతే, దారికి హానిని తెచ్చిపెట్టడాన్ని ఏమనాలి? రిజిస్ట్రేషన్, లైసెన్సు కోసం సంతకం చేసినప్పుడు మనం చట్టాన్ని పాటిస్తామని అంగీకరించాము. ఒప్పందాలను నెరవేర్చమని అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు (అల్ మాఇదా: 1). ట్రాఫిక్ నియమం ప్రాణరక్షణ కోసం ఏర్పడినది గనుక పోలీసు చూసినా, చూడకపోయినా దానిని పాటించడం మన ధర్మం.

మన లోపాన్ని మనమే ఒప్పుకోవాలి

షబె బరాత్ వంటి రాత్రులలో హైదరాబాద్ పోలీసులు ఫ్లైఓవర్లను మూసివేస్తుంటారు. ఇబాదత్‌లో గడపవలసిన రాత్రిని కొందరు యువకులు బండ్ల విన్యాసాలతో గడపడమే దీనికి కారణం. ఆ పోకడ చిన్న పట్టణాలకు పాకకుండా చూడటం మన చేతుల్లో ఉంది. మన వీధిలో హిందూ సోదరులు, క్రైస్తవ సోదరులు, రోగులు, పరీక్షలకు చదువుకునే పిల్లలు ఉన్నారు. వారు ఇస్లాంను గ్రంథాలలో చదవరు, మన నడవడిలో చదువుతారు.

తల్లిదండ్రుల బాధ్యత మరింత బరువైనది. 18 సంవత్సరాలు నిండని పిల్లవాడికి బండి ఇచ్చి, అతడు నేరం చేస్తే, 199-ఏ సెక్షన్ ప్రకారం సంరక్షకుడిని లేదా యజమానిని దోషిగా పరిగణిస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, 12 నెలలపాటు రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు నిరాకరణ వంటి కఠిన చర్యలు ఇందులో ఉన్నాయి. మార్పులకు డబ్బు అడిగినప్పుడే కసరుకోకుండా పక్కన కూర్చోబెట్టుకొని, "బేటా, ఈ శబ్దం ఎవరికి మేలు చేస్తుంది? మీ అమ్మ ఎక్కడ పట్టుకుని కూర్చుంటుంది?" అని అడగండి. కోపంతో చెప్పిన పది మాటలకంటే ఈ రెండు ప్రశ్నలు ఎక్కువ పనిచేస్తాయి.

మెకానిక్ షెడ్లు, స్టిక్కరు దుకాణాలు, సీటు కుట్టే అంగళ్లు నడుపుతున్న మన సోదరులకు కూడా ఒక విన్నపం. హలాల్ సంపాదనకు మీ చెమట సాక్ష్యం. కానీ నిషేధించిన సైలెన్సర్‌ను బిగించి తీసుకున్న కూలిలో ఇతరుల బాధ కలిసి ఉంటుంది. ఆ పని చేయనని చెప్పిన మెకానిక్‌కు ఒక గిరాకీ తగ్గవచ్చు. ఉపాధినిచ్చేవాడు అల్లాహ్.

ధర్మసమ్మతమైన ముస్తాబు

అలాగని యువకుల ఉత్సాహానికి తలుపులన్నీ మూసివేయనవసరం లేదు. మంచి సీటు కవరు, ట్యాంకు కవరు, నెంబరునూ దీపాలనూ కప్పని స్టిక్కర్లు, చక్కగా కడిగి పాలిష్ చేసిన బండి, ఐఎస్ఐ గుర్తున్న నచ్చిన రంగు హెల్మెట్, వెనుక కూర్చునేవారికి మరొకటి. వీటికి అభ్యంతరం లేదు. బండి రంగు ఆర్సీలో ఉంటుంది గనుక దానిని పూర్తిగా మార్చదలచినవారు ముందుగా రవాణా కార్యాలయంలో విచారించి ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. దివ్యాంగుల సౌకర్యార్థం వాహనాన్ని మార్చుకొనేందుకు అధికారుల అనుమతితో చట్టమే దారి చూపింది. ఇప్పటికే సైలెన్సర్ మార్చినవారు మూలన పడి ఉన్న పాతదానిని తిరిగి బిగించుకుంటే చాలు.

వాహనం ఎక్కేటప్పుడు మనం చదివే దుఆ అజ్జుఖ్రుఫ్ సూరాలోనిది. ఈ వాహనాన్ని మన అదుపులో ఉంచినవాడు అల్లాహ్ అనీ, చివరికి మనం ఆయన వైపుకే మరలిపోవాలనీ అందులో ఒప్పుకుంటాము. ఆ మాటలు నోట పలికినవాడి బండి మస్జిద్ ముందునుండి వెళ్లినప్పుడు నమాజ్ చేసేవారికి తెలియకూడదు, పసిబిడ్డ నిద్ర చెదరకూడదు, వెనుక కూర్చున్న అమ్మ నిశ్చింతగా ఉండాలి. మన పిల్లలకు అటువంటి ప్రయాణాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.