చలివలన లేచు దద్దురులు

కార్తికము మొదలు మాఘము వరకు మా కంచిలి ప్రాంతమున తెల్లవారకమునుపే నూతిగిలకల చప్పుడు వినవచ్చును. ముప్పదియేండ్లు నేనును ఆ వేళకే నూతియొద్ద నుండెడివాడను. ఇప్పుడు ప్రొద్దెక్కిన పిమ్మట, తలుపు వేసికొని, గోరువెచ్చని నీట స్నానము చేయుచున్నాను. ఇరుగుపొరుగువారు దీనిని వయసుతో వచ్చిన సోమరితన మనుకొందురు. అది కాదని చెప్పుటకే ఈ ప్రసంగము.

నాలుగేండ్ల క్రిందట మాఘపూర్ణిమనాడు బంధువులతో బారువకు సముద్రస్నానమునకు పోయితిని. మహేంద్రతనయ సముద్రమున గలియు చోటది. మూడు మునకలు వేసి గట్టెక్కితిని. నీరు మిక్కిలి చల్లగా నుండెనని చెప్పజాలను. తడిబట్టపై కొట్టిన గాలియే చల్లనిది. కొంతసేపటికి చేతులమీదను తొడలమీదను ఎఱ్ఱని దద్దురులు లేచి, ఒకదానితో నొకటి కలిసి, అరచేతి వెడల్పున ఉబ్బినవి. చెవులలో హోరు పుట్టినది. కన్నులు చీకట్లు క్రమ్మగా ఇసుకపై కూలితిని. ఆ స్థితి నీటిలోనే వచ్చియుండినచో నేడు మీతో మాటలాడుటకు నేను మిగిలియుండను.

ఇంటికి వచ్చిన పిదప ఒకరు రక్తము చెడినదనిరి. ఒకరు అమ్మవారి కోపమనిరి. ఉద్దానమువారికి సహజముగా తోచు భయము మఱియొకటి కలదు: మూత్రపిండములు చెడినవేమో యని. ఆ వ్యాధితో మా పల్లెలు పడిన బాధ మీ రెఱుగుదురు. దానిలోను దురద కలుగును గనుక ఆ భయమును తీసివేయరాదు. రక్తమున క్రియాటినిన్ పరీక్ష చేయించితిని. దోషము లేదు.

తుదకు ఒక చర్మవైద్యుడు నా ముంజేతిపై పలుచని సంచిలో చుట్టిన మంచుగడ్డను అయిదు నిమిషము లుంచి తీసివేసెను. పది నిమిషములలో గడ్డ యుంచినంతమేర చర్మము పొంగినది. దీనిని ఇంటిలో చేసి చూడరాదు. కొందఱికి ఆ మాత్రము చలికే ప్రమాదము కలుగవచ్చును.

ఇది క్రొత్త వ్యాధి కాదు. మన మాధవనిదానమున శీతపిత్తమను పేర చల్లగాలి తగులుటచే కలుగు దద్దురులు చెప్పబడినవి. అవి కందిరీగ కుట్టినట్లుండునని ఆ గ్రంథకర్త పోల్చెను. అనుభవించినవానిగా చెప్పుచున్నాను, ఆ పోలిక మిక్కిలి సరియైనది. అమెరికాలోని మేయో వైద్యశాలకు చెందిన హార్టన్ అను వైద్యుడును ఆయన సహచరులును 1936లో దీనినిగూర్చి వ్రాయుచు, ఈ లక్షణములు హిస్టమిన్ అను పదార్థము కలిగించు లక్షణములవలె నున్నవనిరి. చర్మమునందు మాస్టు కణము లనునవి కలవు. చలి తగిలినప్పుడు ఈ వ్యాధిగలవారిలో అవి హిస్టమిన్‌ను వెలువరించును. దానిచే సన్నని రక్తనాళములు వదులై, వానినుండి ద్రవము ఊరి చర్మము ఉబ్బును. దేహమంతయు ఒక్కసారి చల్లబడినచో హిస్టమిన్ విస్తారముగా వెలువడి రక్తపుపోటు పడిపోవును. బారువలో నాకు జరిగినది ఇదియే. దద్దురులు తఱచుగా చర్మము మరల వెచ్చబడునప్పుడు లేచును. అందుచేత కొందఱు ఎండనో కంబళినో నిందింతురు. ఇది అంటువ్యాధి కాదు.

వైద్యుని సలహాపై నిద్రమత్తు తక్కువగానుండు సెటిరిజిన్ వంటి మాత్రలు వాడుచున్నాను. అవి వ్యాధిని పెఱికివేయవు, అణచియుంచును. చాలమందికి కొన్నియేండ్లకు తనంతట తానే తగ్గునట. నాకింకను తగ్గలేదు. ఏటిలోగాని సముద్రమునగాని దిగను. చల్లని సోడా త్రాగను. గొంతు లోపల వాచినచో ఊపిరి ఆడదు. శస్త్రచికిత్స ఏదైన జరుగవలసివచ్చినచో ఈ సంగతి ముందే వైద్యునికి చెప్పవలెను, ఏలయన ఆ గది చల్లదనమును, నరములోని కెక్కించు చల్లని ద్రవమును హాని చేయగలవు. ఊపిరాడకున్నను, సొమ్మసిల్లినను ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెను. అప్పుడు ప్రాణము నిలుపునది తొడకు వేయు ఎడ్రినలిన్ సూది. మాత్రలను నమ్మి కూర్చుండరాదు.

గత పుష్యమాసమున మా వీధిలో తొమ్మిదేండ్ల బాలుడొకడు చన్నీటిస్నానమునకు ప్రతిదినమును ఏడ్చుచుండెను. తాతగారు నాకు మిత్రులు, ఆచారవంతులు. మొండితనమని వానిని రెండుమారులు కొట్టిరి కూడ. ఒకనాడు స్నానమైన వెంటనే నేను పోయి వాని చేతులు చూచితిని. బారువలో నా చేతులెట్లుండెనో అట్లే యున్నవి. తాతగారికి నా కథ చెప్పితిని. ఆయన చాలసేపు పలుకలేదు. మరునాడు వానిని వైద్యునియొద్దకు తోడుకొని పోయిరి. ఇప్పుడు వేకువను ఆ యింటి పెరటిలో కొబ్బరిమట్టలు మండుచుండును. నీళ్లు కాచువారు తాతగారే.