పగ్గం తెంచుకున్న ఇంజను

కొబ్బరికాయలు, అరటిగెలలు, పాలకేన్లు, చేపల బుట్టలు, బడిపిల్లలు - గోదావరి డెల్టాలో ఇవన్నీ ఒకే వాహనం మీద ప్రయాణం చేస్తాయి. అదే మోపెడ్. 1980లో హోసూరునుంచి టి.వి.యస్. 50 బయలుదేరిన తరువాత మన కాలవగట్లకు కొత్త చుట్టం ఒకడు వచ్చి చేరాడు. బురదలోను, ఇసుకలోను తిరగడానికి ఇతర దేశాలవారు లావుపాటి చక్రాలు నాలుగు తగిలించి ప్రత్యేకంగా బండ్లు చేసుకుంటారు. మనకు ఆ చాకిరీ అంతా ఈ బక్కబండే చేసిపెట్టింది. 2015లో నాలుగు స్ట్రోకుల ఎక్స్.ఎల్. 100 వచ్చింది. అయినా పాత రెండు స్ట్రోకుల బండిని వదులుకోలేనివారు రాజోలు, అమలాపురం, నరసాపురం ప్రాంతాలలో ఇంకా వున్నారు.

ఇంత సాధువైన బండికీ ఒక్కొక్కప్పుడు పూనకం వస్తుంది. చేతిపిడి వదిలేసినా ఇంజను తగ్గదు. సరికదా, గొంతెత్తి అరుస్తుంది. మోటారు సైకిలుకైతే క్లచ్చి నొక్కి చక్రాన్ని ఇంజనునుంచి విడదీయవచ్చు. ఈ మోపెడ్లలో క్లచ్చి దానంతటదే పట్టుకుంటుంది. ఇంజను వేగం పెరిగితే చాలు, ఎక్కినవాడి అనుమతి అడగకుండా చక్రాన్ని లాక్కుపోతుంది. ఒక పక్క కాలవ, ఒక పక్క చేను, నడుమ నాలుగడుగుల గట్టు, ముందు కూర్చోబెట్టుకున్న పసివాడు! ఇక ప్రమాదం సంగతి వేరే చెప్పాలా?

ముందు ఆపాలి

మొట్టమొదట రెండు బ్రేకులూ గట్టిగా పట్టి స్విచ్చి కట్టేయాలి. తరచు దీనితోనే ఆగిపోతుంది. అప్పటికీ ఆగలేదంటే, లోపల పేరుకున్న మసి ఎర్రగా కాగి, ప్లగ్గు ఇచ్చే నిప్పురవ్వతో పని లేకుండా తానే పెట్రోలును అంటిస్తూన్నదన్నమాట. అప్పుడు చోక్ వేయాలి. పెట్రోలు పాలు ఎక్కువై ఇంజను ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

పెట్రోలు కుళాయి కట్టేయడమూ మంచిదే. కాని కార్బురేటరు తొట్టిలో మిగిలినది అయిపోయేదాకా ఇంజను ఆడుతూనే వుంటుంది. ఆ చివరి క్షణాలలో గాలి పాలు హెచ్చి, మరింత పెద్దగా అరుస్తుంది కూడా. అది చూసి హడలిపోకూడదు. బండి స్టాండు మీద వుండి, గాలి పీల్చే నోరు అందుబాటులో వుంటే చెక్కముక్కతో మూయవచ్చు. అరచెయ్యి మాత్రం అడ్డుపెట్టరాదు. ఆడుతున్న ఇంజనుకు ప్లగ్గు తీగ పీకబోవడం ఇంకా తప్పు. షాకు కొడుతుంది.

తూము మూసినా నీరు వస్తూంటే

ఆపిన తరువాత కారణం వెతకాలి. కార్బురేటరు ఒక తూము వంటిది. చేతిపిడి తిప్పితే తీగ లాగి లోపలి తలుపు లేస్తుంది. వదిలితే స్ప్రింగు దాన్ని దించుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది మొదలు లాకులతోను తూములతోను కాపురం చేస్తున్నవాళ్ళం మనం. తూము మూశాక కూడా చేలోకి నీరు వస్తూంటే రైతు రెండు విషయాలు చూస్తాడు. తలుపు పూర్తిగా దిగలేదా? గట్టుకు ఎక్కడైనా గండి పడిందా? ఇంజను సంగతీ అంతే.

మొదటి పరీక్ష తేలిక. ఇంజను ఆపి, చేతిపిడి తిప్పి వదలండి. తలుపు "టక్"మని దిగాలి. దిగకపోతే తీగ పోగులు తెగి చిక్కుకున్నాయేమో, ఉప్పుగాలికి తుప్పు పట్టిందేమో, తలుపు పక్కన ఇసుకరేణువు దూరిందేమో చూడాలి. స్టాండు మీద ఇంజను ఆడుతూండగా హ్యాండిలును అటూ ఇటూ తిప్పినప్పుడు శబ్దం మారుతూంటే, తీగ బిగుతుగా వుందన్నమాట. విప్పి బిగించిన మరునాడే ఈ జబ్బు వస్తే, తలుపుకున్న గాడి తన చోట కూర్చోలేదని అనుమానించాలి.

గండి ఎక్కడ?

రెండవది కనిపించని శత్రువు. ఇంగ్లండులో జోసెఫ్ డే 1891లో పేటెంటు పొందిన పద్ధతే ఈ చిన్న ఇంజన్లకు మూలం. ఇందులో పిస్టను కింది గదే ఊపిరితిత్తి. పిస్టను పైకి పోయినప్పుడు గాలీ పెట్రోలూ ఆ గదిలోకి వస్తాయి. కిందికి దిగినప్పుడు ఒత్తిడికి పై గదిలోకి పోతాయి. కనుక ఆ గదికి సూదిమొనంత చిల్లి పడినా తూముతో నిమిత్తం లేకుండా గాలి జొరబడుతుంది.

గాలి ఎక్కువైన మిశ్రమం వేడిగా మండుతుంది, ఇంజను చెలరేగుతుంది. అసలు కీడు ఇక్కడే వుంది. ఈ ఇంజనుకు కందెన నూనె పెట్రోలులో కలిసే వస్తుంది. పెట్రోలు పాలు తగ్గితే నూనె పాలూ తగ్గినట్లే. ఎక్కువ పరుగు, తక్కువ నూనె! పిస్టను వేడికి ఉబ్బి, సిలిండరును గీరి, చివరకు పట్టేస్తుంది.

ప్లగ్గు విప్పి చూస్తే కొంత తెలుస్తుంది. కొన తేనెరంగులో వుంటే క్షేమం. సున్నంలా తెల్లబడితే గాలి ఎక్కువని అర్థం. కార్బురేటరుకూ సిలిండరుకూ నడుమనున్న అతుకు దగ్గర, ఇంజను నెమ్మదిగా ఆడుతూండగా, సబ్బునీరు రాయండి. శబ్దం మారితే గండి అక్కడే. పెట్రోలు చల్లి పరీక్షించేవారున్నారు. అది కొరివితో తల గోక్కోవడమే.

అక్కడ లేకపోతే మిగిలినవి ఇరుసుకు రెండు వైపులా వున్న ఆయిల్ సీళ్ళు. గేరు వైపు సీలు పోతే గేరు నూనె తగ్గుతూ తెల్లటి పొగ దట్టంగా వస్తుంది. మాగ్నెటో వైపుది పోతే పొగ కూడా రాదు, ఉత్త గాలే పీలుస్తుంది. నేర్పుగల మెకానిక్ రంధ్రాలన్నీ మూసి, చదరపు అంగుళానికి ఆరేడు పౌన్లకు మించకుండా గాలి ఎక్కించి, నిలుస్తుందో లేదో చూసి చెబుతాడు.

ఇవేమీ చూడకుండా మరతిప్పి శబ్దం తగ్గించుకుని తృప్తిపడేవారు చాలామంది. గండిని అల్లాగే వుంచి తూము తలుపు బిగించడమది! సీలు ఖర్చుకు వెనుకాడితే సిలిండరు బోరు కొట్టించుకోవలసి వస్తుంది.

కనుక ఇంట్లో బండి నడిపే ప్రతివారిచేతా ఒక అభ్యాసం చేయించండి. బండిని స్టాండు వేసి, ఇంజను ఆపివుంచి, చూపు ముందుకే నిలిపి, స్విచ్చి, చోక్, పెట్రోలు కుళాయి - ఈ మూడింటినీ చేతితో తడిమి పట్టుకోమనండి. గట్టు మీద అవసరం వచ్చిన నాడు వెతుక్కునే వ్యవధి వుండదు.