ఏ బావి నీళ్లు తాగవచ్చు?

పోయిన సంవత్సరం వైజ్ఞానిక ప్రదర్శన కోసం మా తొమ్మిదో తరగతి పిల్లలు కంప్యూటరు తెరమీద మా ఊరి పటం తయారుచేశారు. ఏ బావి నీటిలోనైనా, ఏ బోరు నీటిలోనైనా లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే ఎర్రచుక్క, లేకపోతే ఆకుపచ్చ చుక్క పెట్టారు. ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లకూ ఎముకలకూ చేటని మీకు తెలుసు గదా! పటం చాలా బాగుందని నేనే మెచ్చుకున్నాను.

చూడవచ్చిన ఎనిమిదో తరగతి అబ్బాయిని, "ఏ బావి నీళ్లు తాగవచ్చో చెప్పు బాబూ" అని అడిగాను. వాడు తెరను కాసేపు తేరిపార చూసి, "అన్నీ ఒకే రంగు చుక్కలు గదా మాస్టారూ!" అన్నాడు. మిగతా పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తప్పు వాడిది కాదు, మా పటానిది. ఎట్లాగో చూద్దాం.

రంగు వెనుక సంఖ్యలు

కంప్యూటరు తెరను భూతద్దంతో చూస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల చిన్న చిన్న దీపాలు వరసలుగా కనిపిస్తాయి. ఒక్కొక్కదాని వెలుగును 0 నుంచి 255 దాకా 256 మెట్లుగా మార్చవచ్చు. మూడింటినీ కలిపితే 256 × 256 × 256, అంటే 1,67,77,216 రంగులు! మూడు రంగుల కలయికతో రంగుల బొమ్మను చూపించవచ్చని స్కాట్లండు శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1861లోనే లండనులో రుజువు చేశాడు.

తెరమీద బొమ్మలు రూపొందించేవారు కలర్ పికర్ అనే సాధనం వాడతారు. అందులోని రంగుల పట్టికలో నచ్చినచోట గుర్తు పెడితే అది ఆ రంగు సంఖ్యలను చెబుతుంది. ఉదాహరణకు ఒక నారింజరంగుకు ఎరుపు 255, ఆకుపచ్చ 165, నీలం 0. మా పిల్లలూ చుక్కల రంగులను అట్లాగే ఎంచుకున్నారు. కాని సంఖ్యలు వేరైనంత మాత్రాన అందరి కళ్లకూ వేరుగా కనిపిస్తాయా?

డాల్టన్ కన్ను

మన రెటీనాలో రంగులను గుర్తించే శంకు కణాలు మూడు రకాలు. వాటిలో ఎరుపునో ఆకుపచ్చనో గ్రహించే రకం లోపిస్తే ఆ రెండింటికీ తేడా తెలియడం కష్టం. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కు ఈ లోపం ఉండేది. 1794లో దాన్ని గురించి ఆయనే వ్యాసం చదివాడు. తన కంటిలోని ద్రవం నీలంగా ఉండటమే కారణమని ఊహించి, చనిపోయాక పరీక్షించమని కోరాడు. 1844లో పరీక్షిస్తే ద్రవం స్వచ్ఛంగానే ఉంది! దాచి ఉంచిన ఆ కంటి భాగంలోని డి.ఎన్.ఎ.ను 1995లో పరిశీలిస్తే, ఆకుపచ్చను గ్రహించే వర్ణకం ఆయనకు లేదని తేలింది. ఈ జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. మగవారికి అది ఒక్కటే కాబట్టి ఈ లోపం వారిలోనే ఎక్కువ.

వెలుగు లెక్క

రంగు తేడా తెలియనివారికి కూడా వెలుగు తేడా తెలుస్తుంది. తెల్లని తెర వెలుగు 100 అనుకుంటే, అందులో మన కంటికి ఆకుపచ్చ వాటా సుమారు 72, ఎరుపు వాటా 21, నీలం వాటా 7. రెండు రంగుల వెలుగులకూ చెరో 5 కలిపి, పెద్దదాన్ని చిన్నదానితో భాగించాలి. అక్షరాలు స్పష్టంగా కనబడాలంటే ఈ నిష్పత్తి కనీసం 4.5 ఉండాలని వెబ్ ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ సూచించింది.

తెరమీద పసుపు అంటే ఎరుపు, ఆకుపచ్చల కలయిక: 21 + 72 = 93. తెలుపుమీద పసుపు అక్షరాలకు 105 ÷ 98, అంటే 1.07 మాత్రమే! అదే పసుపును నలుపుమీద రాస్తే ఎంతో మీరే లెక్కకట్టండి. నలుపు వెలుగు 0. ఇక మా చుక్కల సంగతి: రంగులు వేరు, వెలుగులు దాదాపు సమానం. అదీ మా తప్పు!

చుక్కను ఆడిస్తే?

"ఎర్రచుక్కలు ఆరి వెలిగేట్టు చేద్దాం మాస్టారూ" అంది ఒక అమ్మాయి. అది సులువే. కదలికల కోసం ముందే రాసిపెట్టిన ప్రోగ్రాములు ఉన్నాయి. వాటిని యానిమేషన్ లైబ్రరీలంటారు. మొదలు, చివర, పట్టే కాలం చెబితే చాలు, నడిమి దశలను అవే లెక్కకడతాయి. చాలా తెరలు సెకనుకు 60 సార్లు బొమ్మను మారుస్తాయి. 4 మి.మీ. చుక్క ఒక సెకనులో 10 మి.మీ. కావాలంటే ప్రతిసారీ 0.1 మి.మీ. పెరగాలన్నమాట.

కాని గబగబా ఆరి వెలిగే కాంతి ప్రమాదం. 1997 డిసెంబరు 16న జపాను టెలివిజనులో ఒక కార్టూను కథలో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు సుమారు 12 సార్లు మారాయి. చూస్తున్న పిల్లల్లో కొందరికి మూర్ఛ వచ్చింది. ఆరువందల మందికి పైగా పిల్లలను ఆస్పత్రులకు తీసుకువెళ్లారు. వెబ్ పేజీల్లో ఏదీ సెకనుకు మూడుసార్లకు మించి తళుక్కుమనకూడదన్న సూచన ఇటువంటి ముప్పును తప్పించడానికే.

చివరకు మేము చెడునీటికి ఇంటూ గుర్తు, మంచినీటికి ఖాళీ వలయం పెట్టి, పక్కనే ఫ్లోరైడ్ ఎంతో రాశాం. గుర్తుమీద వేలు పెడితే అది మెల్లగా, ఒక్కసారే పెద్దదవుతుంది. ఆ అబ్బాయినే మళ్లీ పిలిచాం. ఈసారి తడుముకోకుండా మంచి బావులన్నీ చూపించాడు. తరువాత ఒకచోట వేలు ఆపి, "మా ఇంటి దగ్గర బోరుకు ఇంటూ ఉంది మాస్టారూ" అన్నాడు.

ఆ సంగతి వాడికి తెలియాలనే గదా మేము పటం వేసింది!